గ్లైడర్ బృందంలో కొత్తవారు నిలవాలంటే: రెండో ఆదివారం లెక్క

తిరుపతిలో తల ఎత్తి ఆకాశం చూసేవారికి కొదవ లేదు. పొద్దున తొమ్మిది దాటాక శేషాచలం ఎర్రరాతి చరియల మీద గద్దలు రెక్క ఆడించకుండానే సుళ్లు తిరుగుతూ పైకి పోతుంటే, కపిలతీర్థం దగ్గర బండి పక్కకు ఆపి చూసేవారు నాకు చాలాసార్లు కనిపించారు. అలా ఆగి చూసే ప్రతి మనిషీ గ్లైడింగు వైపు రాదగినవారే. వారిని ఒకసారి మైదానానికి రప్పించడం పెద్ద పనేమీ కాదు. ఎగిరే వస్తువు కనిపిస్తే పిల్లలు పరుగున వస్తారు, వారి వెనకాలే పెద్దలూ వస్తారు. ఆ వచ్చినవారు మళ్లీ రావడమే కష్టం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. మనిషి కూర్చుని నడిపే పెద్ద గ్లైడర్లు మన చుట్టుపక్కల లేవు కాబట్టి ఇక్కడ చేయగలిగింది నమూనా గ్లైడర్లతోనే. వాటిలో చేత్తో విసిరేవి ఉంటాయి, గాలిపటంలా దారంతో పైకి లాగి వదిలేవి ఉంటాయి, నేల మీద నిలబడి రేడియోతో తోకను తిప్పగలిగేవీ ఉంటాయి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు వంటి ఊళ్లలో నలుగురైదుగురు కలిసి ఇలాంటి బృందం నడుపుతున్నా, కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నా వారికి ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను.

మేము మొదట చేసిన తప్పు చెబితే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. ఒక కళాశాల ఉత్సవంలో మా దగ్గరున్న పెద్ద రేడియో గ్లైడర్‌ను ఎగరేసి చూపించాము. చప్పట్లు మోగాయి, పేర్లు రాసుకోవడానికి పెట్టిన పుస్తకంలో పేజీలు నిండాయి. ఆ ఆదివారం చెరువు మైదానానికి పదిమంది వచ్చారు. తరువాతి ఆదివారం ఇద్దరే వచ్చారు. మా సరంజామా పాతదనో, పిల్లలకు ఓపిక లేదనో మేము చాలా రోజులు చెప్పుకున్నాము గాని, అసలు జరిగింది వేరు. ఆ పదిమందీ మూడు గంటలసేపు వేపచెట్టు కింద నిలబడి మేము ఎగరేస్తుంటే చూశారు. ఒక్కరి చేతికీ మేము ఏమీ ఇవ్వలేదు. వారు ఆనందిస్తున్నారని అనుకున్నాము, నిజానికి వారు ఎండలో నిలబడి ఉన్నారు. ఆనాటి నుంచి మేము పేర్ల పుస్తకం మానేసి ఒకే లెక్క పెట్టుకున్నాము: రెండో ఆదివారం ఎందరు వచ్చారు?

మైదానం, వేళ

చేలలో చెనక్కాయలు పీకేసిన తరువాత మిగిలే దుక్కి భూమి, వేసవిలో ఎండిన చెరువు గర్భం, ఈ రెండూ మన ప్రాంతంలో గ్లైడర్‌కు దొరికే మంచి మైదానాలు. మెత్తటి మట్టి మీద పడితే రెక్క విరగదు, చుట్టూ చెట్లు తక్కువగా ఉంటాయి. రైతును ముందురోజే కలిసి, ఎందరు వస్తారో, ఎన్ని గంటలకు వెళ్లిపోతారో చెప్పి, గట్టు తెగకుండా, కంచె తీసింది తీసినట్టు వదిలేయకుండా చూసుకోవాలి. పొలాల్లో గోడ లేని బావులు ఎక్కువ కాబట్టి కొత్తవారు రాగానే వాటిని చూపించి, తల ఎత్తి పరుగెత్తవద్దని మొదటి మాటగా చెప్పాలి. కరెంటు తీగల మీద చిక్కిన గ్లైడర్‌ను కర్రతో తీయబోవడం మా బృందంలో పూర్తిగా నిషేధం. గ్లైడర్ పోతే మరొకటి చేసుకోవచ్చు. పిల్లవాడు క్షేమంగా ఇంటికి వస్తాడని నమ్మకం కుదిరిన తల్లిదండ్రులే మళ్లీ పంపుతారు కాబట్టి, సభ్యులను నిలుపుకునే పని నిజానికి ఈ బావి దగ్గరే మొదలవుతుంది.

తిరుమల కొండ మీద, దాని పరిసరాల్లో ఏదీ ఎగరేయకూడదు, ఆ ఆలోచనే వద్దు. రేణిగుంట విమానాశ్రయం వైపూ వెళ్లకండి. రేడియోతో నడిపే నమూనాలు 2021 నాటి డ్రోన్ నియమాల కిందికి వస్తాయి. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లకు, 12 కిలోమీటర్లకు మధ్య ఉన్న ప్రాంతంలో 200 అడుగుల వరకు, నిషేధం లేని మిగతా ప్రాంతంలో 400 అడుగుల వరకు మాత్రమే హరిత మండలం, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయదగిన చోటు. డ్రోన్ల కోసం ప్రభుత్వం నెట్‌లో పెట్టిన డిజిటల్ స్కై పటంలో మీ చేను ఎక్కడ పడిందో చూసుకుని, స్థానిక పోలీసులకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. చంద్రగిరి దాటి పడమటి దిక్కుకు పోతే విమానాశ్రయానికి తగినంత దూరం వస్తుంది.

వేళ విషయంలో పట్టుదలగా ఉండాలి. తెల్లవారి ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాలి. పొద్దు పొడిచే వేళ గాలి నిలకడగా ఉంటుంది, కొత్తగా చేసిన గ్లైడర్‌ను సరిచేసుకోవడానికి అంతకు మించిన సమయం లేదు. ఎనిమిదిన్నర తరువాత దుక్కి నేల వేడెక్కి దాని మీది గాలి స్తంభంలా పైకి లేస్తుంది. దానినే థర్మల్ అంటారు. నిశ్చలమైన గాలిలో సెకనుకు ముప్పావు మీటరు చొప్పున దిగే గ్లైడర్, సెకనుకు ఒక మీటరు పైకి లేచే గాలిలోకి వెళితే దిగుతూనే పైకి పోతుంది. ఈ మాట విన్నప్పుడు ఎవరికీ నమ్మకం కలగదు, కంటితో చూసినప్పుడు ఎవరికీ మాట రాదు. కాబట్టి మొదటి రెండు గంటలు చేతిపని, చివరి గంట థర్మల్ అని పెట్టుకుంటే కొత్తవారు ఆ దృశ్యాన్ని కళ్లలో పెట్టుకుని ఇంటికి పోతారు. పదిన్నర దాకా సాగదీస్తే ఎండ, దాహం, విసుగు మాత్రమే గుర్తుంటాయి.

ఎవరిని పిలవాలి

విద్యార్థులు ఎలాగూ వస్తారు. అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి వచ్చే పిల్లలు, ఇంజనీరింగు కళాశాలల వారు, ఏర్పేడు ఐఐటి వారు, సైన్సు మాస్టార్లు మాట పడగానే వస్తారు. అయితే విద్యార్థులతోనే నిండిన బృందం మూడేళ్లకు ఖాళీ అవుతుంది, ఎందుకంటే చదువు అయిపోగానే అందరూ బెంగళూరుకో చెన్నైకో పోతారు. ఊళ్లో ఉండిపోయేవారు బృందానికి వెన్నెముక కావాలి. రైల్వే వర్క్‌షాపుల్లో జీవితమంతా ఆకురాయి పట్టి పదవీ విరమణ చేసిన ఫిట్టరు, అల్లికల పని తెలిసిన గృహిణి, గాలిపటాల దుకాణం నడిపే మనిషి, మాధవమాల వైపు కొయ్యబొమ్మలు చెక్కే కుటుంబాలవారు గ్లైడర్ రెక్కను చేతిలోకి తీసుకున్న తీరే వేరుగా ఉంటుంది. వారికి సిద్ధాంతం చెప్పనక్కరలేదు. బరువు ఎక్కడుందో వారి వేళ్లకే తెలుస్తుంది.

అమ్మాయిలను పిలిచేటప్పుడు ఒంటరిగా కాక ఇద్దరిద్దరిగా రమ్మని పిలవడం మేలు. శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఊరిలో ఆసక్తికి లోటు ఉండదు, ఇబ్బంది ఏర్పాట్లలోనే ఉంటుంది. తిరిగి వెళ్లే వేళ ముందే చెప్పకపోవడం, దగ్గరలో మరుగుదొడ్డి లేకపోవడం, ఉన్నవారంతా మగవారే కావడం అనే ఈ మూడు కారణాలు చాలు, ఆసక్తి ఉన్నవారు కూడా మానుకోవడానికి. మొదటి రెండింటికి ముందురోజే ఏర్పాటు చేసుకోవాలి. మూడోది, ఇద్దరు నిలిస్తే తనంతట తానే తీరిపోతుంది.

చందా సంగతి తొందరపడి ఎత్తవద్దు. మొదటి రోజుకు కావలసిన థర్మోకోల్, పుల్లలు, జిగురు అన్నీ కలిపి మనిషికి ఒక ప్లేటు ఇడ్లీ ఖరీదు దాటవు. ఆ ఖర్చు బృందమే భరించాలి. మూడో నెలలో అడిగితే ఎవరూ కాదనరు.

మొదటి ఆదివారం

కొత్తగా వచ్చిన మనిషి మైదానంలో అడుగుపెట్టిన పది నిమిషాలలో అతని చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మా పద్ధతిలో అది ఒక థర్మోకోల్ షీటు, ఒక పెన్సిలు. పావు అంగుళం మందం ఉన్న షీటులోంచి 40 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కను, 16 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు గల తోకను, అరచేతిలో సగం ఉండే నిలువు తోకను కత్తిరించుకోవాలి. వెదురు బద్ద నుంచి చీల్చిన 30 సెంటీమీటర్ల పుల్ల ఒళ్లు అవుతుంది. రెక్కను నడుమ కొంచెం కోసి, రెండు కొసలూ పైకి లేచేలా లోతు తక్కువ గిన్నెలా వంచి టేపు వేయాలి. అలా వంచకపోతే గ్లైడర్ ఒక పక్కకు ఒరిగినప్పుడు మళ్లీ తిన్నగా నిలబడలేదు. అతికించడానికి మామూలు తెల్ల జిగురు, టేపు చాలు. ఒక్క చుక్కతో అతికే సన్నని జిగురు థర్మోకోల్‌ను కరిగించి రంధ్రం చేస్తుంది, ఆ సీసాను పెట్టెలో అడుగున దాచండి. ఎవరో ఒకరు తొందరలో వాడేస్తారు, అక్కడితో వారి ఉదయం ముగిసిపోతుంది.

ఇక్కడి నుంచి అసలు పాఠం మొదలవుతుంది. రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో మూడో వంతు దగ్గర రెండు వేళ్ల మీద ఆనించినప్పుడు గ్లైడర్ తక్కెడ ముల్లులా నిలవాలి. తోక బరువుకు వెనక్కి ఒరిగితే ముక్కు దగ్గర పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు క్లేను సెనగగింజంత చొప్పున అద్దుతూ పోవాలి. ఆ తరువాత గాలికి ఎదురుగా నిలబడి, భుజం ఎత్తులో పట్టుకుని, ఎదురుగా ఉన్న మనిషి చేతికి అందిస్తున్నట్టు తిన్నగా నెట్టి వదలాలి. కొత్తవారిలో పదికి తొమ్మిదిమంది క్రికెట్ బంతిలా పైకి విసురుతారు, అది నిట్టనిలువుగా లేచి ముక్కు మీద పడుతుంది. వెంటనే సరిదిద్దకండి. రెండుసార్లు విసరనిచ్చి, మూడోసారి చేతిని పట్టుకుని చూపించండి.

గ్లైడర్ అలలా లేచి, ఆగి, ముక్కు దించి, మళ్లీ లేస్తూ పోతే ముక్కు తేలికగా ఉన్నట్టు. ఇంకొంచెం క్లే అద్దాలి. తిన్నగా నేలకు గుచ్చుకుంటే ముక్కు బరువెక్కువైనట్టు. కాస్త గిల్లి తీయాలి, లేదా తోక వెనకంచును వెంట్రుకవాసి పైకి వంచాలి. ఒక పక్కకే తిరుగుతుంటే రెక్క మెలిక తిరిగిందేమో కంటి ఎదుట పెట్టుకుని చూడాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలన్నది నియమం. మా బృందంలో ఈ పని కొత్తవారి చేతే చేయిస్తాము. పాతవారు పక్కన కూర్చుని, “ఇప్పుడేం చేసింది? అయితే ఏం చేద్దాం?” అని అడుగుతారు తప్ప చెయ్యి పెట్టరు. చెయ్యి పెట్టకుండా ఉండడం పాతవారికి చాలా కష్టమని ముందే ఒప్పుకుంటున్నాను. నేనే ఎన్నోసార్లు ఓపిక పట్టలేక క్లే ముద్ద లాక్కున్నాను. లాక్కున్న ప్రతిసారీ ఆ గ్లైడర్ నాదైపోయింది, ఆ మనిషి మళ్లీ రాలేదు.

ఏడెనిమిది ప్రయత్నాల తరువాత ఒక్కసారి అది మట్టం పట్టినట్టు సాగిపోతుంది. భుజం ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు అనుకుంటే, పన్నెండు మీటర్ల దూరం పోయి వాలితే ఒకటికి ఎనిమిది వంతుల జారుడు వచ్చినట్టు. ఆ దూరాన్ని అడుగులతో కొలిపించి, తేదీతో సహా రెక్క మీద రాయించండి. శిక్షణకు పేరుపడిన ఏఎస్‌కె 21 అనే ఇద్దరు కూర్చునే గ్లైడర్ ఒకటికి సుమారు ముప్పైనాలుగు వంతులు జారుతుందని అప్పుడు చెబితే ఆ లెక్కకు ప్రాణం వస్తుంది. తిరుపతి కంటే తిరుమల ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో విడిచిపెడితే నిశ్చలమైన గాలిలో అలాంటి గ్లైడర్ ఇరవై కిలోమీటర్లకు పైగా పోగలదు. ఇది ఊహలో వేసుకునే లెక్క మాత్రమే అయినా, విన్న పిల్లవాడు కొండ వైపు తిరిగి చూడకుండా ఉండడు.

కొత్త మనిషికి మొదటి రోజంతా ఒకే తోడు ఉండాలి. నలుగురు నాలుగు సలహాలు చెబితే ఏదీ తలకెక్కదు. ఆ తోడు బృందంలో అందరికంటే తెలిసినవాడు కానక్కరలేదు, ఆరు నెలల కింద తాను కూడా బంతిలా విసిరినవాడైతే ఇంకా మంచిది. పిలుపు సంగతి కూడా చిన్నది కాదు. మాలో ఒక విశ్రాంత ఉద్యోగిని మొదట అందరూ “సార్” అనేవారు, పిల్లలు ఆయన దగ్గర సందేహం అడగడానికి జంకేవారు. ఒకరోజు ఒక ఇంటర్ అమ్మాయి అలవాటుగా “తాతా, దీని తోక వంకరగా ఉందా చూడు” అంది. ఆయన ముఖం విప్పారింది. తరువాత ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు.

బుధవారం ఫోను, రెండో ఆదివారం పని

ఆదివారం వచ్చి వెళ్లిన మనిషికి బుధవారం నాడు ఆ రోజు తోడుగా ఉన్నవారే ఫోను చేయాలి. గ్రూపులో పెట్టే సందేశం ఫోనుకు సాటి రాదు, అందరికీ పెట్టిన సందేశం ఎవరికీ పెట్టినట్టు కాదు. ఆ ఫోనులో “వస్తారా?” అని అడగవద్దు. “మీ గ్లైడర్ ఎడమ పక్కకు లాగుతోంది కదా, మళ్లీ విసిరి చూశారా?” అని అడగండి. మనిషికి ఆహ్వానం కంటే తన గ్లైడర్ మరొకరికి గుర్తుందన్న సంగతి ఎక్కువ పని చేస్తుంది.

రెండో ఆదివారం వచ్చినవారికి చూడడానికి చోటు కాక చేయడానికి పని ఇవ్వాలి. స్టాప్‌వాచ్ పట్టుకోవడం, ఎవరి గ్లైడర్ ఎన్ని సెకన్లు గాలిలో నిలిచిందో పుస్తకంలో రాయడం, గాలి దిక్కు తెలిపే గుడ్డ పీలికను కర్రకు కట్టడం, దారంతో లాగే గ్లైడర్‌కు రెక్క పట్టుకుని పరుగెత్తడం, ఇవన్నీ ఒక్క ఉదయంలో నేర్చుకోగల పనులే. మనుషులు కూర్చునే గ్లైడర్ల మైదానంలో కూడా ఇదే వరస నడుస్తుంది. అక్కడ ఇంజను లేని విమానాన్ని విన్చ్ (తాడును వేగంగా చుట్టుకునే యంత్రం) తాడుతోనో, మరొక విమానంతోనో పైకి లాగాలి కాబట్టి విన్చ్ నడిపేవారు, రెక్క కొస పట్టుకుని పరుగెత్తేవారు, వాలిన గ్లైడర్‌ను వెనక్కి నెట్టేవారు, సమయం రాసేవారు లేకుండా ఒక్కరూ ఎగరలేరు. విన్చ్‌తో పైకి లేచిన శిక్షణ ప్రయాణం చాలాసార్లు కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, దాని కోసం రోజంతా నేల మీద ఉండాలి. ఆ రోజును నిరీక్షణగా భావించిన మనిషి పోతాడు, అక్కడ తనకంటూ ఒక పని ఉన్న మనిషి నిలుస్తాడు.

విరిగిన రెక్క

మొదటి నెలలో మనుషులు మానేయడానికి నేను చూసిన పెద్ద కారణం విరిగిన గ్లైడరే. ఇంట్లో రెండు రాత్రులు కూర్చుని బాల్సా అనే తేలికైన చెక్కతో చేసుకున్నది ఒక్క దెబ్బకు రెండు ముక్కలైతే, ఆ ముక్కలు సంచిలో వేసుకుని ఇంటికి పోయిన మనిషి సగం మనసుతో పోతాడు. అందుకే మరమ్మతు పెట్టె ఎప్పుడూ మైదానంలోనే ఉండాలి. టేపు, తెల్ల జిగురు, బ్లేడు, ఉప్పుకాగితం, వెదురు పుల్లలు, బట్టలకు పెట్టే క్లిప్పులు ఉంటే చాలు. విరిగిన గ్లైడర్ ఆ రోజు మైదానం దాటకముందే ఎలాగో ఒకలాగు మళ్లీ ఎగరాలి. అతుకు పడిన రెక్క కొంచెం బరువెక్కుతుంది, దానికి తగ్గట్టు మళ్లీ ముక్కు సరిచేయాలి. ఆ పనిలో పడితే విరిగిన బాధ మరుగున పడుతుంది. పాత సభ్యులు తమ అతుకుల రెక్కలను దాచకుండా మైదానానికి తేవడం కూడా మంచిది. మేము తాత అని పిలిచే ఆ విశ్రాంత ఉద్యోగి గ్లైడర్ రెక్కకు పదకొండు అతుకులున్నాయి, కొత్తవారందరికీ మొదట దానినే చూపిస్తాము.

విరగడం కాక తప్పిపోవడం కూడా ఉంది, అది మరింత తియ్యని కష్టం. ఒక ఉదయాన పదో తరగతి అబ్బాయి విసిరిన గ్లైడర్ థర్మల్‌లో పడింది. మొదట అందరం కేకలు వేశాము. తరువాత అది చెరువు కట్ట మీద తాటిచెట్ల ఎత్తు దాటి చిన్న తెల్లటి చుక్క అయ్యి, రెండు గద్దలు తిరుగుతున్న చోటికి పోయి, కనిపించకుండా పోయింది. అబ్బాయి ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డాడు. రెక్క మీద పేరు, ఫోను నంబరు రాయించే అలవాటు ఉంది కాబట్టి మూడో రోజు పక్క ఊరి రైతు ఫోను చేశాడు, మామిడితోపులో దొరికిందట. తీసుకురావడానికి వెళితే ఆ రైతు కూతురు దానిని అప్పటికే పదిసార్లు ఎగరేసి, ముక్కు క్లే కొంత తీసి సరిచేసి పెట్టింది. ఇప్పుడు ఆమె కూడా మా బృందంలోనే ఉంది. పోటీలకు వాడే నమూనాల్లో ఇలా పోకుండా నిర్ణీత సమయానికి తోకను పైకి ఎత్తే ఏర్పాటు ఉంటుంది. తోక లేవగానే గ్లైడర్ జారడం మాని, ఉన్నచోటే మెల్లగా దిగిపోతుంది. కొంత అనుభవం వచ్చినవారికి దానిని చేయడం నేర్పించవచ్చు.

మెట్లు కనిపించాలి

ముందు ఏముందో తెలియని చోట ఎవరూ ఎక్కువ కాలం ఉండరు. పెద్ద గ్లైడింగులో ఈ ఏర్పాటు చక్కగా ఉంది. వెండి బ్యాడ్జి కావాలంటే 50 కిలోమీటర్ల దూరం, 5 గంటల సమయం, 1000 మీటర్ల ఎత్తు పెరుగుదల సాధించాలి. బంగారు బ్యాడ్జికి దూరం 300 కిలోమీటర్లకు, ఎత్తు 3000 మీటర్లకు పెరుగుతాయి. మన స్థాయికి సరిపడా అలాంటి మెట్లు మనమే పెట్టుకోవచ్చు. మా వద్ద పది సెకన్లు గాలిలో నిలిపితే ఒక మెట్టు, ఇరవై అయితే రెండోది, ఒక నిమిషం అయితే మూడోది. నిమిషం దాటాలంటే చెయ్యి బలం చాలదు, థర్మల్‌ను చదవాలి. గడ్డిపరకలు ఒక్కసారిగా కదలడం, చల్లటి గాలి వెనక నుంచి రావడం, తూనీగలు పైకి పోవడం, గద్ద ఒకచోట సుడి కట్టడం వంటి గుర్తులు పట్టుకోవడం మొదలైన మనిషి ఇక మానడు. ఆ తరువాత రెక్క కొస పట్టుకుని గిర్రున తిరిగి విసిరే రేడియో గ్లైడర్ల వైపు పోవచ్చు. అంతర్జాతీయ పోటీల్లో వాటి రెక్క పొడవు 1.5 మీటర్లు దాటకూడదు. దారంతో లాగే తరగతిలో దారం పొడవు 50 మీటర్లు. ఈ కొలతలు గోడ మీద రాసి ఉంచితే చాలు, పోటీకి పోవాలన్న కోరిక దానంతటదే పుడుతుంది.

పరీక్షలు, ఉత్సవాలు, వానలు

కనిపించని సభ్యుడిని మానేసినవాడిగా లెక్కకట్టడం పెద్ద పొరపాటు. ఫిబ్రవరి నుంచి ఇంటర్, పదో తరగతి పరీక్షలు, ఆ వెంటనే ప్రవేశ పరీక్షలు. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊళ్లో సగం మందికి డ్యూటీలు, మిగతా సగం మందికి ఇంటినిండా చుట్టాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, చెరువులో నీళ్లు, చేలలో బురద. మే నెల ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఈ వరసను ముందే పంచాంగంలా గుర్తు పెట్టుకుని, సెలవులో ఉన్నవారి పేర్లు వేరే పేజీలో రాసి, వారి పరీక్ష ముగిసిన మరుసటి ఆదివారానికి ఫోను పెట్టుకోవాలి. పరీక్షల కాలంలో మేమే రావద్దని చెబుతాము. అందువల్ల తల్లిదండ్రులకు మా మీద గురి కుదిరింది, పరీక్షలయ్యాక వారే పంపుతున్నారు. వానల నెలల్లో ఎవరింటి వరండాలోనో కూర్చుని రెక్కలు చేసుకోవడం, కల్యాణ మండపం ఖాళీగా ఉన్న రోజు లోపలే తేలికైన గ్లైడర్లు ఎగరేయడం చేస్తే బంధం తెగకుండా ఉంటుంది.

అసలు గ్లైడర్ దాకా

కొందరికి నమూనాలతో తృప్తి తీరదు, తామే ఎగరాలని ఉంటుంది. వారిని ఆపకూడదు, అబద్ధపు ఆశ కూడా పెట్టకూడదు. మన దేశంలో పౌర విమానయాన శాఖ రూపొందించిన గ్లైడర్లకు అశ్విని, రోహిణి, కార్తిక్, మృగశిర, ఆర్ద్ర అని నక్షత్రాలను గుర్తుచేసే పేర్లు పెట్టారు. ఈ సంగతి చెప్పినప్పుడు పంచాంగం చూసే పెద్దలు కూడా ఆసక్తిగా వింటారు. రోహిణి, ఆర్ద్ర గ్లైడర్ల మీద ఎన్‌.సి.సి. ఎయిర్ వింగ్ క్యాడెట్లు శిక్షణ పొందారు. పుణె దగ్గర హడప్సర్‌లోని గ్లైడింగ్ కేంద్రం, కాన్పూరు ఐఐటి ఈ రంగంలో పేరున్న చోట్లు. ఎవరినైనా పంపేముందు అక్కడ ఆ నెలలో ఎగురుతున్నారో లేదో ఫోనులో కనుక్కుని, వైద్య పరీక్ష, వయసు, కాగితాల సంగతి అడిగి తెలుసుకున్న తరువాతే రైలు టిక్కెట్టు కొనమనాలి. గ్లైడర్ లైసెన్సుకు అంతర్జాతీయంగా ఉన్న కనీస ప్రమాణం ఆరు గంటల ప్రయాణ అనుభవం, అందులో రెండు గంటలు ఒంటరిగా, ఇరవైసార్లు లేచి వాలడం. అంకెలు చిన్నవే గాని, ఒక్కొక్క ప్రయాణం ఎంత పొట్టిదో గుర్తుంచుకుంటే ఎన్ని రోజుల పనో తెలుస్తుంది. వెళ్లివచ్చిన మనిషి చేత తరువాతి ఆదివారం మైదానంలో పావుగంట మాట్లాడించండి, ఫోటోలు తక్కువ, నేల మీద చేసిన పనులు ఎక్కువ చెప్పమనండి.

ఉద్యోగం వచ్చి ఊరు వదిలేవారి విషయం ఒకటి మిగిలింది. వారి గ్లైడర్‌ను అడిగి బృందం దగ్గర ఉంచుకోండి, వారి సెకన్ల పేజీని పుస్తకంలోంచి చించవద్దు. సంక్రాంతికి అందరూ ఊరికి వస్తారు, అప్పటికి వానలు వెనకపట్టి ఉంటాయి, చేలు ఖాళీగా ఉంటాయి. పండగకు ముందు వచ్చే ఆదివారాన్ని పాతవారి కోసం పెట్టి, ఆ వారం కొత్తగా వచ్చినవారికి వారినే తోడుగా వేయండి. వారికి ఫోను చేసేటప్పుడు క్లే ముద్ద ఒకటి తెచ్చుకొమ్మని చెప్పండి, మా పెట్టెలో అది ఎప్పుడూ తక్కువే పడుతుంది.